నా గొంతు వినబడకుండా పాడడం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెద్ద గాయనిని కాను. విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళు. ఆ తర్వాత పెళ్ళి, డీఎస్సీ, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పాట అంటే దసరాకి మా వీధి పందిట్లో రెండు కీర్తనలు, ఆగస్టు పదిహేనుకి పిల్లల చేత ఒక దేశభక్తి గీతం, అంతే. పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచిపోయాయి. కిందటేడు జూన్‌లో మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పే మేడమ్ "మా క్వయర్‌కి ఆడగొంతులు తక్కువగా ఉన్నాయండీ, వస్తారా" అని అడిగితే భజన బృందం లాంటిదేదో అనుకుని సరేనన్నాను. నాలుగు రకాల గొంతులకి నాలుగు వేరే వరసలుంటాయనీ, నాలుగూ ఒకేసారి పాడతారనీ, అందులో నాకు వచ్చేది అసలు పాట కూడా కాదనీ అప్పటికి నాకు తెలీదు.

చాంబర్ క్వయర్ అంటే చిన్న క్వయర్. వంద మంది, నూటయాభై మంది నిలబడి పాడే పెద్ద క్వయర్లు వేరు. ఇరవై, ముప్పై మందితో, ఒక గదిలో సరిపోయేంత శబ్దంతో పాడేది ఇది. మాది ఇరవై ఒక్క మంది. సొప్రానోలు (ఆడవాళ్ళలో పై గొంతు) అయిదుగురు, ఆల్టోలు (ఆడవాళ్ళలో కింది గొంతు) ఏడుగురు, టెనర్లు (మగవాళ్ళలో పై గొంతు) నలుగురు, బేస్ (మగవాళ్ళలో కింది గొంతు) అయిదుగురు. సగం మంది చర్చి క్వయర్లలో పెరిగినవాళ్ళు, సగం మంది నాలాగ సంగీత కళాశాల బాపతు. బొబ్బిలి నుంచి ఇద్దరు, పార్వతీపురం నుంచి ఒక నర్సింగ్ విద్యార్థిని, శ్రీకాకుళం వైపు నుంచి నలుగురు వచ్చేవారు. ఆ నలుగురూ ఆమదాలవలసలో పలాస ప్యాసింజర్ ఎక్కితే, అది ఎప్పుడొస్తే అప్పుడే మా ప్రాక్టీస్ మొదలు. శనివారం సాయంత్రం అయిదుకి అని కాగితం మీద ఉండేది. అయిదుకి ఏనాడూ మొదలవలేదు.

నడిపేది మాస్టారు. రైల్వేలో రిటైరయ్యారు, చిన్నప్పటి నుంచి చర్చిలో ఆర్గన్ వాయించారు, ఉద్యోగరీత్యా మద్రాసులో ఉన్నన్నాళ్ళూ అక్కడొక క్వయర్‌లో బేస్ పాడారట. మనిషి మహా నెమ్మది. అరవరు. తప్పు పాడితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, అంతే. ఆ తుడుచుకోవడం చూస్తే మాకు టెన్షన్.

మొదటి రోజు ఆడిషన్. "ఏదైనా పాడండి, కాకపోతే గమకం లేనిది" అన్నారు. గమకం అంటే స్వరాన్ని ఊపుతూ, పక్క స్వరాన్ని ముట్టుకుంటూ పాడడం. అది లేకుండా పాట ఏవిటండీ అనబోయి, ఠక్కున చిన్నప్పుడు నేర్చుకున్న నొట్టుస్వరం గుర్తొచ్చింది. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండ్ వాళ్ళ బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టినవి. అన్నీ శంకరాభరణం స్వరాలే, ఎక్కడా వంపు ఉండదు. "శక్తిసహిత గణపతిం" పాడాను. మాస్టారు మొహం వెలిగిపోయింది. తర్వాత ఆయన కీబోర్డు మీద ఒక్కో మెట్టూ దిగుతూ నా గొంతు ఎంత కిందికి వెళ్తుందో చూశారు, మళ్ళీ పైకి ఎక్కుతూ ఎక్కడ పట్టేస్తుందో చూశారు. నా శృతి, అంటే నేను షడ్జమం (స) పెట్టుకునే చోటు, అయిదు. కింద పంచమం (ప) వైపు దిగడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. పైన పంచమం దగ్గరకొచ్చేసరికి మెడ నరాలు కనబడతాయి. "మీరు ఆల్టో" అన్నారాయన, ఇంకో మాట లేకుండా.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత అర్థమైంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఆడవాళ్ళందర్నీ వరసగా ఆల్టోలోకే పంపించారు. మనం ఛాతీలోంచి, నిండు గొంతుతో, కింది స్థాయిలో పాడతాం. సొప్రానోకి తలలోంచి వచ్చే సన్నటి గొంతు కావాలి, మనం మెడ నరాలు బిగించే చోట వాళ్ళు హాయిగా షికారు చేస్తుంటారు. ఆ గొంతున్నవాళ్ళు చర్చి స్కూళ్ళలో పాడుకున్న పిల్లలే. అందుకే మా దగ్గర సొప్రానో కరువు ఎప్పుడూ ఉండేది. పార్వతీపురం అమ్మాయికి డ్యూటీ పడితే సొప్రానో వరస సగం ఖాళీ.

ఆల్టో అయితే ఏమైంది అనుకున్నాను. కాగితం చేతికొచ్చాక తెలిసింది ఏమైందో. అసలు బాణీ అంతా సొప్రానోలది. వినేవాడు ఇంటికెళ్ళి కూనిరాగం తీసేది వాళ్ళ వరసే. బేస్ వాళ్ళకి పునాది వేసే గౌరవం ఉంది. టెనర్లకి అప్పుడప్పుడూ ఒక అందమైన ఎగురు దొరుకుతుంది. మధ్యలో మేం, నాలుగైదు స్వరాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, మూడు బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి) ఒకే స్వరం మీద కూర్చుని, ఎవరో వదిలేసిన ఖాళీ నింపుతూ. మొదటి వారం ఇంట్లో నా వరస ఒక్కటీ సాధన చేస్తుంటే మా ఆయన లోపలికొచ్చి "నువ్వు పాట నేర్చుకుంటున్నావా, శృతి చూసుకుంటున్నావా?" అన్నాడు. నాకూ అదే అనుమానం.

మేం మొదట పట్టుకున్నది మోజార్ట్ "ఆవే వేరుమ్ కోర్పుస్". లాటిన్‌లో ఉన్న చిన్న చర్చి పాట, 46 బార్లు, మూడు నిమిషాల చిల్లర. ఆయన 1791 జూన్‌లో, వియన్నా దగ్గర బాడెన్ అనే చిన్న ఊళ్ళో, అక్కడి చర్చిలో క్వయర్ నడిపే స్నేహితుడు ఆంటోన్ స్టోల్ కోసం రాసిచ్చాడు. ఆ డిసెంబరు 5న పోయాడు, అప్పటికి 35 ఏళ్ళు. మాస్టారు ఇదంతా చెప్పి "ఇది మహానగరంలో మహా గాయకుల కోసం రాసింది కాదమ్మా, మనలాంటి చిన్న ఊరి క్వయర్ కోసం రాసింది, అందుకే ఎంచుకున్నాను" అన్నారు. మాకు కాస్త ధైర్యం వచ్చింది. తర్వాత తెలిసింది, సులువుగా కనబడడం దాని వేషం. స్వరాలు రెండు వారాల్లో వచ్చేశాయి, పాట రావడానికి ఆరు నెలలు పట్టింది. మధ్యలో ఒక చోట ఆధార షడ్జమమే జరిగిపోతుంది, మనం ఒక శృతి పెట్టుకుని కచేరీ అంతా దాన్నే నమ్ముకుని బతికినవాళ్ళం కదా, కాళ్ళ కింద చాప లాగేసినట్టుంటుంది. ఇంక పైన, అన్నిటికంటే ముందు, ఇటాలియన్‌లో "సోత్తో వోచే" అని రాసి ఉంటుంది. గొంతు దించి, మెల్లగా పాడమని. ఆ రెండు మాటల మీద మాస్టారు పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టించారు అందరి చేతా.

కాగితాల మాట వచ్చింది కాబట్టి చెప్తాను, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుంది. ఇలాంటి పాత రచనల స్వరపత్రాలు కొనక్కర్లేదు. కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ అని నెట్‌లో ఉంది, కాపీరైటు తీరిపోయినవి వేలల్లో ఉచితంగా దొరుకుతాయి. కోట జంక్షన్ దగ్గర జెరాక్స్ తీయించుకున్నాం. చదవడం సంగతంటారా, స్టాఫ్ నొటేషన్ నాకు రాదు. మాస్టారు మొదట టానిక్ సోల్ఫాలో నేర్పారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, అయిదు గీతలూ చుక్కలూ లేకుండా డో రే మీలకి మొదటి అక్షరాలు మాత్రం రాసుకుంటారు. మిషనరీల కాలం నుంచీ మన చర్చిల్లో ఉంది. మా బేస్‌లో డెబ్భై దాటిన బాబాయ్ గారొకాయన ఆ అక్షరాలని మనం పేపరు చదివినట్టు చదివేస్తారు. నాకు అందులో వింతేమీ కనబడలేదు, ఎందుకంటే డో అనేది ఎక్కడ పెడితే అక్కడే షడ్జమం. అచ్చంగా మన సరిగమల లెక్కే. మా సంగీత కళాశాల బ్యాచ్ అంతా రెండో వారానికల్లా కాగితం మీద స రి గ మలు రాసేసుకున్నాం. బాబాయ్ గారు తొంగి చూసి "ఏటమ్మా, మా పొత్తకాన్ని మీ బాసలోకి దించీసారా" అని నవ్వారు.

లాటిన్ గురించి ఒక పేజీ రాయొచ్చు. అచ్చులతో మనకి ఏ ఇబ్బందీ లేదు. లాటిన్ ఆ, ఏ, ఈ, ఓ, ఊ మన అచ్చుల్లాగే శుభ్రంగా ఉంటాయి. ఇంగ్లీషు వాళ్ళు "ఏ" అని మొదలుపెట్టి "ఇ"లోకి జారిపోతారట, వాళ్ళ క్వయర్లలో దాన్ని మాన్పించడానికి తల ప్రాణం తోకకొస్తుందట. ఆ బాధ మనకి లేదు. మన బాధ అంతా మాట చివర. తెలుగు అజంత భాష కదా, మాట హల్లుతో ఆగితే మనకి ఊపిరాడదు. కోర్పుస్ అంటే చాలదు, "కోర్పుసు". వేరుమ్ కాస్తా "వేరుమ్ము". నాతుమ్ "నాతుమ్ము". ఇరవై ఒక్క మందిలో పదిహేను మంది చివర ఒక చిన్న ఉకారం తగిలించేవాళ్ళం, అదీ తలో సమయంలో. కోర్పుస్ చివరి సకారం అయితే, ఎవరి స వాళ్ళు ఎవరికి తోచినప్పుడు వదిలితే, పాము బుస కొట్టినట్టు హాలంతా స్స్...స్స్...స్స్. మాస్టారు ఆఖరికి ఒక ఉపాయం చేశారు. సకారం మేమెవరం పలకకూడదు, ఇద్దరు టెనర్ కుర్రాళ్ళు మాత్రమే పలుకుతారు, మిగతావాళ్ళం కోర్పు అని ఆపేస్తాం. వినేవాళ్ళకి అందరూ పలికినట్టే ఉంటుంది. మోసమే, కానీ పెద్ద పెద్ద క్వయర్లే చేసే మోసమట.

ఇంక గమకం. మొదటి నెలంతా నా గొడవ ఇదే. షడ్జమం, పంచమం కదలకుండా ఎంతసేపైనా నిలబెడతాను, అవి అచల స్వరాలు, నేర్పిందే అలా. గాంధారం (గ) మీద నిలబడమనండి, రిషభం (రి) మీద నిలబడమనండి, గొంతు దానంతటదే పక్క స్వరాన్ని ముట్టుకొచ్చేస్తుంది. నాకు తెలీకుండానే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళమంటే మెట్టు దిగినట్టు దిగను, జారుబండ మీద జారినట్టు జారతాను. మన సంగీతంలో అదే అందం. ఇక్కడ ఏడుగురు ఆల్టోలు ఏడు రకాలుగా జారితే కింద కట్టిన కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల కట్ట, మొత్తం బురదైపోతుంది. ఆ మొదటి నెలలో ఒకరోజు మాస్టారు కళ్ళజోడు తుడుచుకోవడం నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు.

తాళం ఇంకో తంటా. మన చెయ్యి ఊరుకోదుగా, తొడ మీద దరువు వేస్తూనే ఉంటుంది. "తాళం నా చేతిలో ఉంది, మీ తొడ మీద కాదు" అనేవారు మాస్టారు. ఎంత చెప్పినా వేళ్ళు ఆడుతుంటే చివరికి కాగితాలు రెండు చేతులతో పట్టుకునేలా అట్టలు కుట్టించారు. ఆయన చెయ్యి దిగే క్షణానికి ముందే, చెయ్యి లేచినప్పుడే మనం గాలి పీల్చుకుని ఉండాలి, ఆ గాలి కూడా పాట వేగంలోనే పీల్చాలి. లేకపోతే ఇరవై ఒక్క మంది ఇరవై ఒక్క చోట్ల ఎత్తుకుంటారు. మా సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన రెండు చేతులు, రెండు కాళ్ళు, తల కలిపి ఒకేసారి అయిదు తాళాలు చూపించేవారని చదువుకున్నాం. ఒక్క మనిషి అయిదు తాళాలు వేసిన ఊళ్ళో ఇరవై ఒక్క మందిమి ఒక్క తాళానికి చచ్చిపోతున్నాం అని మా ఆల్టోలో ఒకావిడ అంటే ఆ రోజు ప్రాక్టీస్ అక్కడితో ఆగిపోయింది, నవ్వు ఆపుకోలేక.

ఊపిరి సంగతి మాత్రం నాకు బాగా నచ్చింది. ఒక పొడుగాటి స్వరం ఎక్కడా తెగకుండా సాగాలంటే ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు దొంగతనంగా గాలి పీల్చుకోవాలి, కానీ పక్కవాళ్ళతో కలిసి పీల్చకూడదు, మాట చివర అసలు పీల్చకూడదు, మాట మధ్యలో ఎక్కడో గుట్టుగా వదిలేసి, మళ్ళీ చప్పుడు లేకుండా వచ్చి చేరాలి. విన్నవాడికి ఆ స్వరానికి ఊపిరే అక్కర్లేదేమో అనిపిస్తుంది. కచేరీలో ఒక్కళ్ళం పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాలుగు రోజులు ఆలోచించుకుంటాం, మధ్యలో తెగితే పరువు పోతుంది. ఇక్కడ నా ఊపిరి అయిపోతే పక్కావిడ మోస్తుంది. ఆ తర్వాత ఆవిడది నేను మోస్తాను.

నాకు నిజంగా ఒళ్ళు గగుర్పొడిచింది మాత్రం ఆగస్టులో ఒక శనివారం. కరెంటు పోయింది. కీబోర్డు లేదు. సరే, ఫోర్క్‌తో కానిద్దాం అన్నారు మాస్టారు, కొడితే ఒకే స్వరం మోగే ట్యూనింగ్ ఫోర్క్ అది. ఆ ఫోర్క్ ఇచ్చేది 440 హెర్ట్జ్ "ఏ" (A) స్వరం. మేం పాడేది "డి" (D)లో, అంటే మన లెక్కలో రెండో శృతి, దానికి ఆ "ఏ" పంచమం అవుతుంది. పంచమం ఇచ్చి షడ్జమం వెతుక్కోమన్నట్టు. బేస్ వాళ్ళు షడ్జమం పట్టారు, టెనర్లు పంచమం, మేం గాంధారం. అంతకుముందు కీబోర్డుతో పాడేటప్పుడల్లా ఆ గాంధారం నాకు ఎందుకో కొంచెం పైకి, కొంచెం గరుగ్గా అనిపించేది, కొత్త కదా అనుకుని ఊరుకున్నాను. ఆ రోజు కీబోర్డు లేదు కాబట్టి నా గాంధారం నేను పెట్టాను, అంటే తంబురాలో వినబడే అంతర గాంధారం. తంబురా మీద మనం మీటేది షడ్జమ పంచమాలే, గాంధారం తీగె ఉండదు, అయినా మంద్రస్థాయి తీగె మోగుతుంటే అందులోంచి గాంధారం పుట్టుకొస్తుంది. మా గురువుగారు చీకటి పడ్డాక దీపం కూడా పెట్టనివ్వకుండా అది వినిపించేవరకూ కూర్చోబెట్టేవారు. అదే గాంధారం అక్కడ పెట్టాను, మిగతా ఆల్టోలు నా వైపు ఒరిగారు, ఒక్కసారిగా కార్డు బిగుసుకుంది. ఎలా చెప్పాలి, నాలుగు గొంతుల పైన ఇంకో గొంతు వినబడింది. అక్కడ ఎవరూ పాడని స్వరం. మాస్టారు చెయ్యి అలాగే గాల్లో ఉంచేశారు. దించలేదు చాలాసేపు.

లెక్కల టీచర్ని కదా, ఇంటికెళ్ళి లెక్క కట్టాను. కీబోర్డు ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, ఒక్కోటి 100 సెంట్లు, స నుంచి గ వరకు నాలుగు భాగాలు, 400. సహజమైన గాంధారం నిష్పత్తి 5/4, అది 386 సెంట్లు దగ్గర పడుతుంది. పద్నాలుగు సెంట్ల తేడా. చిన్నదే, కానీ నన్ను నెల రోజులుగా గుచ్చింది ఆ పద్నాలుగే. తర్వాతి వారం మాస్టారితో చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు, మంచి క్వయర్లు వాద్యం లేకుండా పాడితే అక్కడికే వెళ్తాయన్నారు. ఆ రోజు నుంచి ఆల్టో గాంధారం బాధ్యత నాకిచ్చారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. తర్వాత జరిగిన దానికి అసలు కారణం ఆ గర్వమే అని నా అనుమానం.

అయితే వాద్యం లేకపోతే ఇంకో జబ్బు, పాట కిందికి జారుతుంది. డిలో మొదలుపెట్టి చివరికొచ్చి ఫోర్క్ కొట్టి చూస్తే అర స్వరం దిగిపోయి ఉండేవాళ్ళం. వర్షాకాలం, ఉక్క, అందరూ ఆఫీసుల నుంచి స్కూళ్ళ నుంచి వచ్చి అలసిపోయి ఉండేవారు. మధ్యలో మురీ మిక్చర్, టీ తాగి పాడితే కొంచెం తక్కువ దిగేవాళ్ళం. ఇది శాస్త్రం కాదు, మా అనుభవం.

దసరాకి మూడు వారాలు ప్రాక్టీస్ లేదు. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ఆ రోజుల్లో ఊళ్ళో మూడు లాంతర్ల నుంచి కోట దాకా మనిషి కదిలే చోటుండదు, క్వయర్ ఎవరికి కావాలి. ఆ ఖాళీలో మాస్టారు ఒక ప్రయోగం చేశారు. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం రాసి ఉంటాయి, 19వ శతాబ్దంలో ఈ ప్రాంతమంతా తిరిగిన పురుషోత్తమ చౌధరి లాంటివాళ్ళు మన కీర్తనల ఒరవడిలోనే రాశారు. వాటిలో మాయామాళవగౌళలో ఉన్నదొకటి తీసుకుని నాలుగు గొంతులకి కార్డులు కట్టారు. పాడి చూశాం. బాగోలేదు. చర్చివాళ్ళకీ నచ్చలేదు, మాకూ నచ్చలేదు. ఎందుకో నాకు తోచింది చెప్తాను. వాళ్ళ పద్ధతిలో పంచమం మీద కట్టే కార్డు ముఖ్యం, దానికి పంచమానికి పంచమం కావాలి, అంటే చతుశ్రుతి రిషభం (పై రి). మాయామాళవగౌళలో ఉన్నది శుద్ధ రిషభం (కింది రి). రాగానికి కట్టుబడితే కార్డు కుంటుతుంది, కార్డుని నిలబెడితే రాగం పోతుంది. మాస్టారు పట్టుపట్టలేదు, ఆ కాగితాలు వెనక్కి తీసేసుకున్నారు. దాని బదులు నేను ఆడిషన్‌లో పాడిన నొట్టుస్వరానికి నాలుగు వరసలు కట్టారు, అది మాత్రం చక్కగా కుదిరింది. తూర్పు పడమర కలిసిపోతాయని స్టేజీల మీద తెగ అంటుంటారు. కలిసే చోట కలుస్తాయి, అన్ని చోట్లా కలవవు.

డిసెంబరు రెండో శనివారం మొదటి కచేరీ. ఊళ్ళోనే ఒక హాలు. మోజార్ట్, బాఖ్ కోరల్ (చర్చిలో పాడే కీర్తన) ఒకటి, నొట్టుస్వరం, చివర క్రిస్మస్ పాటలు రెండు. మైకులు వద్దని మాస్టారు ముందే చెప్పారు. అయినా సాయంత్రం వెళ్ళేసరికి బాక్సులు కట్టేసి ఉన్నాయి, రెండు హాల్లోకి, ఒకటి రోడ్డు వైపుకి. మైకు సెట్టు కుర్రాడు ఒప్పుకోడే. "మైకు నేకపోతే ఎనకున్నోలకి ఏటినబడతాది సార్" అంటాడు. నిర్వాహకులు కూడా వాడి పక్షమే, డబ్బిచ్చి కట్టించాం కదా అని. రాజీ పడి నాలుగు మైకులు పెట్టారు, గొంతుకొకటి. ఆల్టో మైకు సరిగ్గా నా మొహం ముందుకొచ్చింది, నేను పొట్టిదాన్ని కాబట్టి ముందు వరస. పైగా వాడు కాస్త ఎకో కూడా కలిపాడు, అందంగా ఉంటుందని.

పాడుతున్నప్పుడు నాకేమీ తెలీలేదు. బాగా పాడాననే అనుకున్నాను. గాంధారాలన్నీ నావే కదా. "ఇన్ మోర్తిస్" అని చివర్లో రెండుసార్లు వస్తుంది, రెండోసారి వచ్చినప్పుడు హాలు నిశ్శబ్దంగా ఉంది, మా గురువుగారు మూడో వరసలో కూర్చున్నారు, ఏమైందో గానీ ఒక చిన్న జారు వేశాను. ఒక్కటే. వేశాక గుండె గుభేలుమంది, ఎవరూ గమనించలేదులే అనుకున్నాను.

అయిపోయాక మా ఆడపడుచు పరిగెత్తుకొచ్చి "వదినా, ఇరవై మంది ఉన్నా నీ గొంతొక్కటే ఖంగుమని వినబడింది" అని చెయ్యి పట్టుకుంది. స్కూల్ వాళ్ళదీ అదే మాట. రోడ్డు మీద టీ కొట్టు దగ్గరకి కూడా వినబడిందట. ఒక్కొక్కళ్ళూ మెచ్చుకుంటుంటే నాకు చెమట్లు. గురువుగారు మాత్రం నవ్వి "ఆ జారు బాగుంది" అన్నారు. ఆయన వేళాకోళం ఆడారో నిజంగా అన్నారో ఇప్పటికీ తెలీదు.

మాస్టారు ఆ రాత్రి ఏమీ అనలేదు. తర్వాతి శనివారం ఎవరో ఫోన్లో తీసిన రికార్డింగ్ పెట్టారు. మూడు నిమిషాలు. అయ్యాక కళ్ళజోడు తుడుచుకుని, నా వైపు చూడకుండా, "ఇందులో ఎంతమంది పాడుతున్నారు?" అని అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. టెనర్ కుర్రాడొకడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నోటి దురుసు, "లెక్కల మేడమ్ ఒక్కరే సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్ళే దారిలో అయ్యకోనేరు గట్టు మీద స్కూటీ ఆపుకుని కాసేపు కూర్చున్నాను. మానేద్దామనుకున్నాను. మైకు వాడిని తిట్టుకున్నాను, కానీ మైకు నా జారుని పెద్దది చేసింది గానీ వాడు వెయ్యలేదుగా.

మానలేదు. మళ్ళీ వెళ్తే మాస్టారు నిలబడే పద్ధతే మార్చేశారు. ఆల్టోలు ఒక చోట, బేస్ ఒక చోట కాకుండా, గుండ్రంగా, ఏ ఇద్దరు పక్కపక్కవాళ్ళూ ఒకే వరస పాడకుండా. నాకు ఒక పక్క పార్వతీపురం సొప్రానో, ఇంకో పక్క బేస్ బాబాయ్ గారు. "పక్కవాళ్ళ గొంతు మీకు వినబడకపోతే మీరు గట్టిగా పాడుతున్నట్టు లెక్క" అన్నారు. ఇది ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలీదు. మొదటి రోజు ఆ సొప్రానో వరసలోకి నాలుగుసార్లు పడిపోయాను. మొత్తుకుని మొత్తుకుని, నాలుగు వారాలకి, ఒక చెవితో నా స్వరం, ఇంకో చెవితో ఆ అమ్మాయి స్వరం, కడుపులో బాబాయ్ గారి షడ్జమం వినడం అలవాటైంది. నా గొంతు నాకు ఎంత వినబడాలో కూడా తెలిసింది. వినబడీ వినబడనట్టు, పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టు. కాగితం మీద పెన్సిల్ సున్నాలో ఉన్న ఆ రెండు మాటలు అప్పటిదాకా నాకు ఒట్టి ఇటాలియనే.

జనవరిలో, సంక్రాంతికి ముందు ఆదివారం, శ్రీకాకుళంలో రెండో కచేరీ. అరసవల్లి వెళ్ళే దారిలో ఒక స్కూల్ హాలు. ఈసారి మైకు సెట్టు అసలు మాట్లాడనే లేదు, ఫ్యాన్లు కూడా ఆపించేశారు మాస్టారు, కిటికీ రెక్కలు మూయించారు. నూట ఇరవై కుర్చీలుంటే ఎనభై నిండాయి. మా అత్తది ఆమదాలవలస పక్క పల్లెటూరు, కోడలు పాడుతుందని తోడికోడల్ని కూడా వెంటబెట్టుకుని ఆటోలో వచ్చి రెండో వరసలో సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. మోజార్ట్ పాడాం. ఫోర్క్‌తో ఎత్తుకున్నాం, ఏ వాద్యమూ లేదు. "ఇన్ మోర్తిస్" రెండోసారి వచ్చింది, మెట్టు దిగినట్టు దిగాను. చివరి కార్డు దగ్గర మాస్టారు చెయ్యి చాలాసేపు దించలేదు. దించాక జేబులోంచి ఫోర్క్ తీసి మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు, అందరి ముందూ, చప్పట్లు మొదలవుతుండగానే. మా వైపు చూసి తలూపారు. దిగలేదన్నమాట.

కుర్చీలు సర్దుతుంటే మా అత్త నా దగ్గరకొచ్చింది. మొహంలో కంగారు.

"ఏటమ్మాయ్, అందరూ బాగానే పాడినారు గానీ నీ గొంతు నాకు ఇనబడ్నేదు. నోరు మాత్రం ఆడతంది. ఒంట్లో బాగోనేదేటి?"

మాస్టారు వెనకే కాగితాలు ఏరుకుంటున్నారు. ఆ మాట విని కళ్ళజోడు తీశారు, తుడవలేదు, జేబులో పెట్టుకున్నారు. బయటికెళ్ళి మా అత్తకీ, ఆవిడ తోడికోడలికీ టీ తెప్పించారు.